సిబిల్ కాగితంల ఉన్న పేరు మనదేనా?

(మానుకోటలో మన యువజన సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం. అక్కడ టైం చాలక చెప్పలేకపోయిన కొన్ని వివరాలు ఇందులో కలిపిన. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది అడిగిన్రు కాబట్టి ఇక్కడ పెడుతున్న.)



ఇంతసేపు పెద్దలు పోడు పట్టాల గురించి, 1/70 గురించి, పీసా గురించి మాట్లాడిన్రు. వాటి ముందర నేను చెప్పబోయేది చిన్న ముచ్చట లెక్క కనిపిస్తది. సిబిల్ గురించి. ఆ మాట అనంగనే వెనక వరుసల కొందరు నవ్విన్రు. ఆ నవ్వు నాకు ఎరుకే. బ్యాంకు మెట్లు ఎక్కి, సారు కంప్యూటర్ల చూసి "నీకు సిబిల్ లేదు, పో" అంటే దిగొచ్చినోళ్ల నవ్వు అది. ఇక్కడ కూసున్నోళ్లల్ల ఎంతమందికి ఆ మాట వినపడ్డదో చేతులెత్తమంటే సగం చేతులు లేస్తయ్.

2025 మార్చిలో ప్రభుత్వం రాజీవ్ యువ వికాసం అని ప్రకటించింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు 4 లక్షల దాకా స్వయం ఉపాధి యూనిట్లు. 50 వేల యూనిట్ అయితే మొత్తం సబ్సిడీ, లక్ష దాకా 90 శాతం, రెండు లక్షల దాకా 80, నాలుగు లక్షల దాకా 70 శాతం. మిగిలింది బ్యాంకు లోను. మనోళ్లు మీసేవల ముందర, మండల ఆఫీసుల ముందర లైన్లు కట్టిన్రు. కుల సర్టిఫికెట్, ఇన్‌కం సర్టిఫికెట్, రేషన్ కార్డు అన్నీ పట్టుకపోయిన్రు. తీరా ఫైలు బ్యాంకు కాడికి పొయ్యేసరికి సిబిల్ లొల్లి మొదలైంది. పేపర్లలో వచ్చింది, గొడవ అయ్యింది. జూన్ 2న మంజూరు పత్రాలు ఇస్తమన్నది కూడా వాయిదా పడ్డది. రాజకీయం సంగతి అట్లుంచుదాం. నాకు అప్పుడు తట్టింది ఒకటే: ఇన్ని సర్టిఫికెట్లు మనం చేతిలో పట్టుకుని చూసుకున్నం. మన బతుకును నిర్ణయించే ఆ ఒక్క కాగితాన్ని మాత్రం బ్యాంకు సారు చూసిండు, మనం చూడలే.

మన తాతల కాలంల సాహుకారి దగ్గర పద్దు పుస్తకం ఉండేది. ఇప్పపువ్వుకో, ఉప్పుకో, పెండ్లికో అప్పు తెస్తే ఆయన రాసుకునేది. తాత వేలిముద్ర ఏసేది. అందుల ఇరవై రాసిండో రెండొందలు రాసిండో తాతకు తెల్వదు. అడిగే ధైర్యం లేదు, చదివే అక్షరం లేదు. ఆ పద్దు మీదనే భూములు పోయినయ్. అందుకే 1996 పీసా చట్టం నాలుగో సెక్షన్‌ల, ఎస్టీలకు వడ్డీ వ్యాపారం చేసేటోళ్ల మీద అదుపు గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలని రాసిన్రు. ఎన్ని గ్రామసభలు ఆ అధికారం వాడినయో మీకు తెలుసు, నాకు తెలుసు.

సిబిల్ అంటే ఈ కాలం పద్దు పుస్తకం. తేడా ఒక్కటే ఉన్నది, అదే నా ఇవాళ్టి ముచ్చట. సాహుకారి పద్దు చూసే హక్కు తాతకు లేకుండె. ఈ పద్దు చూసే హక్కు, తప్పుంటే దిద్దించే హక్కు చట్టంల రాసి ఉన్నది. మనమే పోయి అడుగుతలేం.

ముందు సిబిల్ అంటే ఏందో సాఫ్ చేసుకుందాం. అది ప్రభుత్వ ఆఫీసు కాదు. రిజర్వు బ్యాంకు డిపార్టుమెంటు కూడా కాదు. 2000లో మొదలైన ఒక కంపెనీ, ఇప్పటి పేరు ట్రాన్స్‌యూనియన్ సిబిల్. ఇట్లాంటివి దేశంల నాలుగు ఉన్నయ్. మిగతా మూడు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. నాలుగింటికీ లైసెన్సు రిజర్వు బ్యాంకు ఇస్తది, 2005లో వచ్చిన క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం కింద నడుస్తయ్. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, మైక్రోఫైనాన్సు వాళ్లు తమ దగ్గర ఎవరెంత తీసుకున్నరు, ఎట్ల కడుతున్నరు అన్నది వీళ్లకు పంపుతరు. ఇంతకుముందు నెలకోసారి పంపేటోళ్లు, 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారి పంపాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ లెక్కల మీద 300 నుంచి 900 దాకా ఒక నంబరు వేస్తరు. అదే స్కోరు.

అంటే ఆ కాగితంల ఉన్నది సిబిల్ వాళ్లు పుట్టించింది కాదు. అప్పు ఇచ్చినోడు ఏం పంపితే అదే. వాడు తప్పు పంపితే తప్పే ఎక్కుతది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే, దిద్దించడానికి ఎవరి గల్లా పట్టాలో తెలుస్తది.

ఇంకో ముచ్చట. అసలు అప్పే తీసుకోనోళ్లకు స్కోరు ఉండదు, మైనస్ 1 అనో, హిస్టరీ లేదనో వస్తది. దాన్ని చూపెట్టి "నీది జీరో సిబిల్" అని పంపించేస్తున్నరు. అప్పు లేకపోవడం నేరమా? మొదటిసారి లోను అడిగేటోళ్లను, హిస్టరీ లేదన్న ఒక్క కారణంతోటి తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6 నాటి ఆదేశాలల్ల ఉన్నదని, కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా పెట్టలేదని, కేంద్ర ఆర్థిక శాఖ సహాయ మంత్రి 2025 ఆగస్టులో పార్లమెంటుకు చెప్పిండు. గూడేల నుంచి మొదటిసారి బ్యాంకుకు పోయే పిల్లలు ఈ మాట నోటికి వచ్చేటట్టు పెట్టుకోండి.

ఇప్పుడు తప్పుల సంగతి. మన తావుల ఎక్కువ కనిపించేది, పట్నమోళ్లకు అంత అర్థం కానిది ఒకటున్నది. పేరు.

ఒక తండాకు పోండి. ముప్పై ఇండ్లు ఉంటే ఇరవై ఐదు ఇండ్లకు ఒకటే ఇంటిపేరు. బానోత్, గుగులోత్, భూక్యా, ధరావత్. కోయ గూడేనికి పోతే ఈసం, వజ్జ, పూనెం. తాత పేరు మనుమడికి పెట్టుకుంటం, కాబట్టి అదే పేరు నలుగురికి ఉంటది. ఊర్ల మనకు తిప్పలు లేదు. పొట్టి ఫలానా, చెరువు కాడి ఫలానా అని పిలుచుకుంటం. కంప్యూటర్‌కు చెరువు తెల్వదు. ఇగ పుట్టిన తేదీ. మన అమ్మలు, నాయనలు ఏ తారీఖున పుట్టిన్రు? పెద్ద వాన పడ్డ ఏడు అనో, సమ్మక్క జాతర అయిన నెల అనో చెప్తరు. ఆధార్ రాసేటోడు ఆగడు కదా, వయసు అందాజ చేసి జనవరి 1 అని కొట్టిండు. మీ ఇంట్ల ఆధార్ కార్డులు ఒకసారి తీసి చూడండి. ఎన్నింటి మీద జనవరి 1 ఉన్నదో లెక్కపెట్టండి. ఒకటే ఊరు, ఒకటే పిన్‌కోడు, ఒకటే ఇంటిపేరు, ఒకటే పేరు, ఒకటే జనవరి 1. మిగిలింది పుట్టిన సంవత్సరం, కార్డు నంబరు. ఏజెంటు ఫోన్ల ఫారం నింపేటప్పుడు ఒక్క అంకె తప్పు కొడితే చాలు, ఒకని అప్పు ఇంకొకని పద్దుల పడే దారి తెరుచుకుంటది.

గూడూరు దిక్కు ఒక తమ్ముడున్నడు. డిగ్రీ చదివి, కొలువు దొరక్క, ట్రాలీ ఆటో కొనుక్కుందామని బ్యాంకుకు పోయిండు. సిబిల్ బాగలేదన్నరు. జీవితంల ఒక్క రూపాయి బ్యాంకు అప్పు తెచ్చినోడు కాదు. రిపోర్టు తీపిచ్చినం. అందుల ఒక మోటారు సైకిల్ లోను ఉన్నది, ఇరవై కిస్తీలకు పైన కట్టలేదని. లోను తీసుకున్న తేదీ చూసినం. ఆ రోజుకు మనోనికి పదిహేనేండ్లు! పదో తరగతి పిలగానికి బండి లోను ఎవడిచ్చిండు? అదే తండాల అదే పేరున్న ఇంకో మనిషిది అది. ఇద్దరికీ జనవరి 1, సంవత్సరం ఒక్కటే వేరు.

మొదటిసారి ఆన్‌లైన్‌ల ఫిర్యాదు పెట్టినం. కొన్ని రోజులకు జవాబు వచ్చింది: అప్పు ఇచ్చిన సంస్థను అడిగినం, వివరాలు సరిగ్గానే ఉన్నయన్నది, మార్చడం కుదరదు. తమ్ముడు డీలా పడ్డడు. చాలామంది ఇక్కడనే ఇడిసిపెడతరు. అసలు సంగతి ఏందంటే, 2005 చట్టం ప్రకారం అప్పు ఇచ్చినోడు ఒప్పుకుంటేనే క్రెడిట్ కంపెనీ మారుస్తది. ఆ ఫైనాన్సు ఆఫీసుల ఎవడో పేరు చూసిండు, ఊరు చూసిండు, కరెక్టే అని కొట్టిండు. అంతే.

రెండోసారి దారి మార్చినం. ఫైనాన్సు కంపెనీకే రిజిస్టర్డ్ పోస్టుల ఉత్తరం రాసినం. ఈ లోను మాది అంటున్నరు కదా, అప్లికేషన్ ఫారం కాపీ, దాని మీద ఉన్న ఫోటో, సంతకం, ఇచ్చిన గుర్తింపు కార్డు, బండి నంబరు మాకు చూపెట్టండి అని. పదో తరగతి మెమో కాపీ జత చేసినం, పుట్టిన తేదీకి అదే పక్కా రుజువు. ఇగ ఫైలు తెరవక తప్పలేదు. ఫోటోల ఉన్నది యాభై ఏండ్ల మనిషి. మూడు వారాలు తిరక్కముందే ఆ అప్పు తమ్ముని రిపోర్టు నుంచి పోయింది. ఒక పేజీ ఉత్తరం, పోస్టు ఖర్చు.

కానీ ఈ లోపల ఏమైంది? ఆటో బేరం ఆగదు కదా. బయట మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చిండు. నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు వడ్డీయే. ఎవడో టైపు చేసిన ఒక్క అంకె ఖరీదు అది. సిబిల్ మనకెందుకు, మనది జల్ జంగల్ జమీన్ పోరాటం అని మొన్న ఒకన్న అన్నడు. అన్నా, ఆ మూడు రూపాయల వడ్డీ కట్టలేకనే జమీన్ పోతది, చూస్తనే ఉన్నం కదా.

అక్కలకు సంబంధించింది ఇంకోటి. సంఘం లోను. గ్రూపు పేరు మీద తీసుకున్నం, నా పేరు మీద ఏముంటది అనుకుంటరు. 2016లో రిజర్వు బ్యాంకు చెప్పింది, పొదుపు సంఘాల అప్పుల్ల సభ్యురాలి వారీగా వివరాలు క్రెడిట్ కంపెనీలకు పంపాలని. మంచికే చెప్పింది, మంచిగ కట్టే అక్కకు తన పేరు మీద గుర్తింపు రావాలని. కానీ పుస్తకాలు ఎట్ల రాస్తున్నరో మనకు తెల్వదా? మహాముత్తారం దిక్కు ఒకక్క సంఘం ఇడిసిపెట్టి, మిర్చి ఏరడానికి వలసపోయి, మూడేండ్ల తర్వాత ఊరికొచ్చింది. ఆమె పోయినంక సంఘం కొత్త లోను తెచ్చుకున్నది. తీర్మానం మీద పాత సభ్యుల లిస్టే జోడించిన్రు. ఆమె పేరు మీద బాకీ కనిపిస్తున్నది. అక్కడ ఎవ్వరూ దొంగలు కారు, బుక్‌కీపరు పాత కాగితాన్ని జిరాక్స్ తీసిండు. ఇట్లాంటిది మీ అమ్మలకు జరిగిందా అన్నది తెలుసుకోవాలంటే వీవోఏ దగ్గర తీర్మానం పుస్తకం అడిగి, లోను తెచ్చిన తేదీన సంతకం ఉన్నదా లేదా చూడాలి. సంతకం లేకుంటే ఆ పేజీ ఫోటోయే మన రుజువు.

వారానికోసారి కిస్తీ కట్టే మైక్రోఫైనాన్సు అప్పులు కూడా ఇందుల ఎక్కుతయ్. 2010లో ఆ కంపెనీల వేధింపులకు మన ఉమ్మడి వరంగల్ పల్లెలు ఎంత గోస పడ్డయో పెద్దోళ్లకు యాదికున్నది. ఆ ఏడు అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది. ఆ తర్వాతనే ఈ చిన్న అప్పులను కూడా పద్దుల ఎక్కించుడు గట్టిగ మొదలైంది. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఏందంటే, ఏడాదికి 3 లక్షల లోపు రాబడి ఉన్న కుటుంబానికి అన్ని అప్పుల కిస్తీలు కలిపినా నెల రాబడిల సగం దాటొద్దు. ఆ లెక్క తేలాలంటే ఈ పద్దు సరిగ్గ ఉండాలి. తీరిన అప్పు తీరనట్టు ఉంటే కొత్తది రాదు. ఉన్న అప్పు ఎక్కకపోతే ఏజెంటు ఇంకో అప్పు అంటగడతడు. రెండు దిక్కులా నష్టం మనకే.

జనగామ తండాల నుంచి వచ్చిన అన్నలు పంట రుణం గురించి అడిగిన్రు. రుణమాఫీ 2024 జులై 18న లక్ష లోపు వాళ్లతోటి మొదలై, ఆగస్టు 15 నాటికి 2 లక్షల దాకా అన్నరు. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్యల తీసుకున్న లేదా రెన్యువల్ చేసుకున్న అప్పులకు. అంతకుముందు 2018 ఎన్నికలప్పుడు చెప్పిన లక్ష మాఫీ ఎన్ని ఏండ్లు సాగిందో మీకే ఎరుక. ప్రభుత్వం మాఫీ చేస్తనన్నది, రైతు కట్టకుండ ఆగిండు, బ్యాంకు దాన్ని మొండి బాకీ అని రాసింది. మాట తప్పింది ఒకరు, పేరు చెడింది ఇంకొకరికి! దీన్ని నేను న్యాయం అనను. కానీ చట్టం లెక్కల, ఆలస్యం నిజంగ జరిగింది కాబట్టి అది తప్పుడు వివరం కిందికి రాదు. దిద్దమంటే దిద్దరు. దాని మీద రాజకీయంగనే కొట్లాడాలి. అయితే మాఫీ పైసలు పడి ఖాతా మూసినంక కూడా రిపోర్టుల బాకీ కనిపిస్తే, అది మాత్రం పక్కా తప్పు. బ్యాంకు నుంచి నో డ్యూస్ కాగితం తీసుకోండి. ఆ కాగితం లేకుండ బ్యాంకు బయటికి రావొద్దు.

అక్కడనే ఇంకో చిన్న మాట. రిపోర్టుల "క్లోజ్డ్" అంటే మొత్తం తీరింది. "సెటిల్డ్" అంటే కొంత కట్టించుకుని కొంత ఇడిసిపెట్టిన్రు. రెండూ ఒకటే అని బ్యాంకోళ్లు చెప్తరు, ఒకటి కాదు. సెటిల్డ్ అని ఉంటే తర్వాతి బ్యాంకు అనుమానంగ చూస్తది. మొత్తం కట్టినంక కూడా సెటిల్డ్ అనో, రైటాఫ్ అనో ఉంటే ఊకోవద్దు.

సరే, రిపోర్టు ఎట్ల తీయాలి? నాలుగు కంపెనీలల్ల ప్రతి ఒక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టును స్కోరుతో సహా ఉత్తగనే ఇవ్వాలి. 2016లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ఇది, 2017 జనవరి నుంచి అమల్ల ఉన్నది. అంటే ఏడాదికి నాలుగు రిపోర్టులు ఫ్రీ. వాళ్ల సొంత వెబ్‌సైటుకే పోండి. లోను యాప్‌లు కూడా ఫ్రీ సిబిల్ అంటయ్, కానీ ఆ యాప్‌ల పని మనకు రిపోర్టు ఇచ్చుడు కాదు, లోను అంటగట్టుడు. పాన్ కార్డు, ఆధార్‌కు లింకు ఉన్న ఫోను నంబరు దగ్గర పెట్టుకోండి. ఫోను నంబర్లు మార్చే అలవాటు మనోళ్లకు ఎక్కువ, పాత నంబరు ఇంకెవరి దగ్గరనో ఉంటది. ముందు అది సరిచేసుకోండి. ఆన్‌లైన్ కుదరదా? 2005 చట్టం 21వ సెక్షను చూడండి. లోను కోసం దరఖాస్తు పెట్టినోళ్లు ఎవరైనా, నా గురించి మీరు తెప్పించుకున్న సమాచారం కాపీ ఇవ్వండి అని బ్యాంకును అడగొచ్చు, ఫీజు తీసుకుని ఇవ్వాలి. ఇంకోటి, లోను ఎందుకు ఇవ్వలేదో కారణం రాతపూర్వకంగ చెప్పాలని కూడా రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. నోటి మాటతో పంపిస్తే "సార్, అదే మాట కాగితం మీద రాసియ్యండి" అని మర్యాదగా అడగండి. ఆ ఒక్క మాటకు సార్ గొంతు మారుడు నేను కండ్లార చూసిన.

రిపోర్టు చేతికి వచ్చినంక స్కోరు చూసి కూసోవద్దు. స్కోరు చివరికి. ముందు పేరు, పుట్టిన తేదీ, పాన్, అడ్రసు. తర్వాత ఒక్కో అప్పు: ఎవరు ఇచ్చిన్రు, ఎప్పుడు, ఎంత, ఇప్పుడు బాకీ ఎంత, మనం అప్పుదారులమా, జామీనుదారులమా. జామీను ఉన్నది కూడా మన కాగితంల వస్తది, బావమరిది ట్రాక్టరుకు సంతకం పెట్టి మర్చిపోయినోళ్లు ఇక్కడ ఉన్నరనే అనుకుంటున్న. నెల నెలకు ఎన్ని రోజులు ఆలస్యమైందో అంకెలు ఉంటయ్. తర్వాత చివర్ల, మన రిపోర్టును ఎవరెవరు అడిగి చూసిన్రో పేర్లు ఉంటయ్. మనం ఎన్నడూ పోని కంపెనీ పేరు అక్కడ ఉంటే మన ఆధార్, పాన్ ఎక్కడో తిరుగుతున్నయని అర్థం.

తప్పు దొరికితే రెండు దిక్కులా ఒకేసారి పెట్టండి. క్రెడిట్ కంపెనీ వెబ్‌సైటుల ఒకటి, అప్పు ఇచ్చిన సంస్థకు ఒకటి. నాలుగు కంపెనీలల్ల తప్పు ఉంటే నాలుగింటికీ. ఫిర్యాదుల కథలు రాయొద్దు. ఫలానా నంబరు లోను నాది కాదు, కారణం ఇది, రుజువు ఇది. అంతే. ఫిర్యాదు నంబరు, తేదీ గోడ మీద రాసుకోండి. ఆ రోజు నుంచి 30 రోజులు గడువు. అందుల 21 రోజుల లోపల అప్పు ఇచ్చినోడు సరిచేసిన వివరం పంపాలి. 30 రోజులు దాటినా తేల్చకపోతే, దాటిన ప్రతి రోజుకు మనకు 100 రూపాయలు కట్టాలి. 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం, 2024 ఏప్రిల్ నుంచి అమలు. ఎవరి వల్ల లేటైతే వాళ్లు కట్టాలి, తేలినంక అయిదు పని దినాలల్ల ఖాతాల వెయ్యాలి. అందుకే ఫిర్యాదుల మీ బ్యాంకు ఖాతా వివరం కూడా ఇయ్యాలి. ఉపాధి హామీ పని దొరకని రోజుకు కూడా ఇది కూలి కాదు, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. కానీ వంద రూపాయలు కట్టాల్సి వస్తదంటే ఆఫీసుల ఫైలు కదులుతది. స్కోరు ఎట్ల లెక్కకట్టిన్రు అన్న లొల్లికి మాత్రం ఈ పరిహారం వర్తించదు. కుదరదని చెప్పినా కారణం చెప్పాలి, ఊకెనే "రిజెక్టెడ్" అంటే సరిపోదు.

అప్పటికీ వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. 2021 నవంబరులో దేశమంతటికీ ఒకటే పథకం చేసిన్రు, 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ కంపెనీలు కూడా దాని కిందికి వచ్చినయ్. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు. ముందు కంపెనీకి రాసి 30 రోజులు చూసి ఉండాలి, అది షరతు. వాళ్ల ఫిర్యాదు సైటు సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్, ఫోను 14448. వకీలు కావాలనుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకు రాబడితో సంబంధం లేకుండ ఉచిత న్యాయసహాయం ఉన్నది. మూడు జిల్లాలల్లా ఆ ఆఫీసు ఉన్నది.

ఒక్కటి ఖరాఖండిగ చెప్తున్న. "అయిదు వేలు ఇయ్యి, నీ సిబిల్ 750 చేస్తా" అని తిరిగేటోళ్లు మండల కేంద్రాలల్ల తయారైన్రు. నిజంగ తీసుకుని కట్టని అప్పును ఎవడూ చెరపలేడు. నిజంగ తప్పు పడ్డదాన్ని మనమే ఉత్తగ దిద్దించుకోవచ్చు. మరి మధ్యల వాడికెందుకు అయిదు వేలు? వానికి ఓటీపీ చెప్తే కొత్త అప్పు నీ పేరు మీద పుట్టదని గ్యారంటీ ఏంది? మన దగ్గర ఎవరన్న నిజంగనే కట్టాల్సింది ఉంటే ఆ సంగతి దాచుకోకుండ చెప్పండి, బ్యాంకుతోటి కూసొని కిస్తీలు కట్టే దారి చూద్దాం. అది వేరే పని.

చదువుకునే చెల్లెళ్లకు ఒక మాట. ఇది లోన్ల దాక ఆగుతలేదు. బ్యాంకు కొలువుల నోటిఫికేషన్లల్ల ఇప్పుడు క్రెడిట్ హిస్టరీ సక్కగ ఉండాలని షరతు పెడుతున్నరు. 2025 జూన్‌ల మద్రాస్ హైకోర్టు, సిబిల్ బాగలేదని ఒక అభ్యర్థికి ఇచ్చిన ఉద్యోగాన్ని స్టేట్ బ్యాంకు రద్దు చేస్తే, బ్యాంకు చేసింది సరైందే అన్నది. పరీక్ష పాసై, ఇంటర్వ్యూ పాసై, ఆఖర్లో సిబిల్ కాడ ఆగుడు! ఇంకో దిక్కు, 2023లో కేరళ హైకోర్టు మాత్రం స్కోరు తక్కువున్నదని పిలగానికి చదువు లోను ఆపొద్దన్నది. రెండు తీర్పులు రెండు విధాలు. మన పిల్లలు కోర్టు దాక పోకుండ ఉండాలంటే, అప్లికేషన్ పెట్టడానికి మూడు నెలల ముందే రిపోర్టు తీసి చూసుకోవాలి. తప్పు దిద్దడానికి నెల, వినకపోతే ఇంకో రెండు నెలలు, లెక్క అట్ల.

ఇప్పుడు సంఘంగ మనం చేయాల్సింది. ఒక్కొక్కరం పోయి బతిమాలితే పని కాదు. ప్రతి జిల్లాల లీడ్ బ్యాంక్ మేనేజర్ ఉంటడు. కలెక్టరు అధ్యక్షత కింద బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీ కూసుంటది, మండలంల కూడా బ్యాంకర్ల కమిటీ ఉంటది. ఆ మీటింగులల్ల మన ముచ్చట ఎన్నడన్న వచ్చిందా? యాభై మంది తప్పుడు రిపోర్టులు, ఫిర్యాదు నంబర్లతో సహా ఒకటే కట్ట కట్టి లీడ్ బ్యాంక్ మేనేజరు టేబుల్ మీద పెడదాం. ఏటూరునాగారం ఐటీడీఏల ఒక సహాయ కేంద్రం అడుగుదాం. రిపోర్టు ఇంగ్లీషుల ఉంటది, మన అమ్మలకు దాన్ని తెలుగుల, కోయల, గోర్‌బోలిల చదివి చెప్పే మనుషులు కావాలె. ఆ మనుషులు మనమే, ఇంకెవరో రారు. కొత్తగూడ, గంగారం లాంటి షెడ్యూల్డ్ ఏరియా గ్రామసభలు పీసా కింద వడ్డీ వ్యాపారం మీద తీర్మానం చేసేటప్పుడు ఈ మైక్రోఫైనాన్సు ఏజెంట్ల లెక్క కూడా అడగాలె. ఎవరెవరి పేరు మీద ఎంత ఎక్కించిన్రో గూడెం ముందర చదవమనాలె. జనగామ తండాలు షెడ్యూల్డ్ ఏరియాల లేవు, పీసా వర్తించదు. అయినా 2005 చట్టం వాళ్లకూ మనకూ ఒకటే.

వచ్చే శని, ఆది రెండు రోజులు ఇక్కడనే కూసుందాం. ప్రతి గూడెం, ప్రతి తండా నుంచి ఇద్దరు రావాలి, అందుల ఒక చెల్లె ఉండాలి. మీ రిపోర్టుతో పాటు ఇంట్ల ఇద్దరు పెద్దోళ్ల రిపోర్టులు తీద్దాం, వాళ్లను కూడా తోలుకరండి. వాళ్లు లేకుండ వాళ్ల ఓటీపీ ఎవరూ వాడొద్దు. పాన్, ఆధార్, పదో తరగతి మెమో, సంఘం పాసుబుక్కు, పాత లోను ఏదన్న తీరి ఉంటే నో డ్యూస్ కాగితం, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ జిరాక్స్ తెచ్చుకోండి. పలిమెల దిక్కు నుంచి వచ్చేటోళ్లు ముందురోజు రాత్రే బయలుదేరితే మంచిది, పండుకోవడానికి హాలు ఉన్నది. ఫోనుకు ఛార్జింగు, రీఛార్జి రెండూ చూసుకోండి, ఓటీపీ రావాలి కదా. పేర్లు బయట టేబుల్ కాడ రాస్తున్నరు. ఆధార్ మీద ఎట్లున్నదో అట్లనే రాయించండి, ఇంటిపేరుతో సహా.

జోహార్.